ఫొటోషాప్‌లో లేయర్ తాళం: ఎందుకు పడుతుంది, తీసినా ఒక్కోసారి ఎందుకు కదలదు

క్లుప్తంగా

ఫొటోలు సవరించే ఫొటోషాప్‌లో లేయర్ (బొమ్మలోని ఒక పొర) పక్కన కనిపించే తాళం ఎవరో పాస్‌వర్డ్ పెట్టి మూసేసింది కాదు. జేపీజీ తెరిచినప్పుడు దానంతటదే వచ్చే బ్యాక్‌గ్రౌండ్ తాళం ఒక రకం, డిజైనర్ కావాలని వేసింది ఇంకో రకం, కలర్ మోడ్ (ఫైల్ రంగులను దాచుకునే పద్ధతి) వల్ల వచ్చేది మూడోది. మొదటి రెండూ చాలావరకు ఒకటి రెండు క్లిక్‌లతో పోతాయి, మూడోదానికి ముందు మోడ్ మార్చాలి. ఇవేవీ కాకుండా పని ఆగిందంటే అది తాళం సమస్యే కాదు, కారణం వేరే చోట ఉంటుంది. పొరలన్నీ కలిపేసిన ఫైల్ అయితే తాళం తీసినా పొరలు తిరిగి రావు.

సంక్రాంతికి ముందు పది రోజులు ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా, నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లోనైనా ఫ్లెక్సీ పని చేసేవాళ్లకు తీరిక ఉండదు. బండలాగుడు పోటీల బ్యానర్లు, తిరునాళ్లవి, పుట్టినరోజులవి అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావుడిలో కొత్తగా చేరిన కుర్రాడు గిత్తల జత ఫొటో ఒకటి తెరిచి పక్కకు జరపబోతే అది కదలదు, లేయర్ లాక్ అయి ఉందని స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. పక్క సిస్టమ్ ముందు కూర్చున్న సీనియర్ "తాళం మీద క్లిక్ కొట్టు అబ్బయా" అంటాడు. కొడితే పోతుంది. మర్నాడు ఇంకో ఫైల్ వస్తుంది, దానికీ అదే తాళం, ఈసారి ఎన్నిసార్లు కొట్టినా పోదు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది, ఎందుకంటే బయట బెంచీ మీద కమిటీవాళ్లు కూర్చుని ఉంటారు.

యూట్యూబ్‌లో దొరికే సలహాలు చాలావరకు ఆ మొదటి క్లిక్ దగ్గరే ఆగిపోతాయి. గుర్తు ఒకటే కావడంతో కారణం కూడా ఒకటే అనిపిస్తుంది. నిజానికి కారణాన్ని బట్టి తీసే పద్ధతి మారుతుంది, కారణం తెలియకుండా క్లిక్ చేస్తూ పోతే పని జరగకపోవడమే కాదు, ఉన్న డిజైన్ కూడా చెడిపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ అంటే నేల

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. లేయర్లు మాత్రం 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఆ మధ్య నాలుగేళ్లూ ఫొటో అంటే ఒకే ఒక్క కాగితం. దాని మీద ఇంకో బొమ్మ అతికించి సెలెక్షన్ వదిలేశారంటే రెండూ కలిసిపోయేవి, మళ్లీ విడదీయడం కుదిరేది కాదు. లేయర్లు వచ్చాక బొమ్మల్ని గాజు పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకునే వీలు కలిగింది గానీ అడుగున ఆ పాత కాగితం అలాగే ఉండిపోయింది. బ్యాక్‌గ్రౌండ్ అని పేరు కనిపించేది దానికే.

ఇంట్లో నేలకూ, నేల మీద పరిచిన చాపకూ ఉన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. చాపను చుట్టి మూలన పెట్టొచ్చు, ఇంకో చాప మీద వేయొచ్చు. నేలను ఎత్తలేం. బ్యాక్‌గ్రౌండ్ కూడా అంతే: ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది, దాని ఒపాసిటీ (చిక్కదనం) తగ్గించలేం, బ్లెండింగ్ మోడ్ (వేరే పొరలతో రంగులు కలిసే తీరు) మార్చలేం, అన్నిటికంటే ముఖ్యంగా దానిలో ఖాళీ అనేది ఉండదు. ప్రతి పిక్సెల్‌కూ ఏదో ఒక రంగు ఉండి తీరాలి. డిజైనర్లు ట్రాన్స్‌పరెంట్ అని పిలిచే ఆ ఖాళీని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఆ పొరకు లేదు.

జేపీజీ ఫైల్‌కు కూడా సరిగ్గా ఇదే పరిమితి ఉంది, అందులో పారదర్శకత దాచడం కుదరదు. అందుకే ఫోన్‌లో తీసిన ఫొటో గానీ, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో గానీ తెరవగానే బ్యాక్‌గ్రౌండ్‌గా, తాళంతో వస్తుంది. ఫొటో తీసినవాళ్లకూ పంపినవాళ్లకూ దీనితో సంబంధం లేదు. "వాళ్లు లాక్ చేసి పంపారు" అని కస్టమర్‌కు ఫోన్ చేసి అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు, పాపం వాళ్లకు ఆ మాటే అర్థం కాదు.

తాళం తీయకుండా పని చేస్తే ఏమవుతుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. గిత్త చుట్టూ ఉన్న పొలాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే పొలం పోతుంది కానీ ఆ చోటు ఖాళీ అవదు, టూల్స్ అడుగున బ్యాక్‌గ్రౌండ్ రంగుగా ఏది పెట్టి ఉంటే అది వచ్చి నిండుతుంది. కొత్త వెర్షన్లలో అయితే ముందు ఒక ఫిల్ బాక్స్ తెరుచుకుని దేనితో నింపమంటారో అడుగుతుంది. ఎరేజర్‌తో రుద్దినా అంతే, రుద్దిన మేరకు ఆ రంగే, మామూలుగా తెలుపు, పడుతుంది. అలా కటింగ్ చేసిన గిత్తను బ్యానర్‌లోకి లాగితే చుట్టూ తెల్లటి డబ్బా కూడా వెంట వస్తుంది. మన రోడ్ల పక్కన కట్టిన ఫ్లెక్సీల్లో మనుషుల ఫొటోల చుట్టూ తెల్లటి చతురస్రం కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

తీయడం తేలిక. లేయర్ల ప్యానెల్‌లో బ్యాక్‌గ్రౌండ్ అన్న పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే చిన్న బాక్స్ వచ్చి కొత్త పేరు అడుగుతుంది, ఓకే కొడితే అది లేయర్ 0 అనే మామూలు లేయర్ అవుతుంది. ఆల్ట్ పట్టుకుని డబుల్ క్లిక్ చేస్తే ఆ బాక్స్ కూడా రాదు. కొత్త వెర్షన్లలో తాళం బొమ్మ మీద ఒక్క క్లిక్ చాలు. మ్యాజిక్ ఎరేజర్ వాడితే ఈ మార్పిడి అదే చేసేస్తుంది, అందుకే కొంతమందికి ఈ తాళం సంగతి ఏళ్ల తరబడి ఎదురే కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇందులో నిజంగా జరిగేది తాళం తీయడం కాదు, నేలను చాపగా మార్చడం. వెనక్కి మార్చాలంటే లేయర్ మెనూలోని న్యూ కింద బ్యాక్‌గ్రౌండ్ ఫ్రమ్ లేయర్ అనే ఆప్షన్ ఉంది. ఊరికే లేయర్ పేరును బ్యాక్‌గ్రౌండ్ అని మార్చి టైప్ చేస్తే అది బ్యాక్‌గ్రౌండ్ అయిపోదు, పేరు మాత్రమే మారుతుంది.

కావాలని వేసే తాళాలు

రెండో రకం మనుషులు వేసేది. లేయర్ల ప్యానెల్ పైభాగంలో లాక్ అని రాసి పక్కన చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. గళ్ల బొమ్మ ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్‌కు, బ్రష్ బొమ్మ రంగు వేయకుండా ఆపడానికి, నాలుగు వైపులా బాణాలున్నది జరగకుండా ఆపడానికి, చివర తాళం కప్ప మొత్తానికి. ఆర్ట్‌బోర్డులకు సంబంధించింది ఇంకొకటి ఉంటుంది, ఫ్లెక్సీ పనిలో దాని అవసరం తక్కువ. లేయర్ పేరు పక్కన తాళం నిండుగా కనిపిస్తే మొత్తం లాక్ అయినట్టు, బోలుగా కనిపిస్తే ఏదో ఒక భాగమే లాక్ అయినట్టు. చాలామంది ఈ తేడా చూడరు, చూస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

వీటిలో గళ్ల బొమ్మ తాళం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది అడ్డం కాదు, మంచి పనిముట్టు. ఒంగోలు గిత్త ఒళ్లు తెల్లగా ఉంటుంది. పచ్చటి గడ్డిలో నిలబెట్టి తీసిన ఫొటోను పెన్ టూల్‌తో ఎంత జాగ్రత్తగా కటింగ్ చేసినా పసుపు రంగు బ్యానర్ మీద పెట్టేసరికి మూపురం చుట్టూ, గంగడోలు అంచున సన్నటి పచ్చగీత మిగిలిపోతుంది. పది అడుగుల ఫ్లెక్సీలో ఆ గీత రోడ్డు అవతలికి కూడా కనిపిస్తుంది. అప్పుడు గళ్ల బొమ్మ తాళం వేసి, మెత్తటి బ్రష్ తీసుకుని, మూపురం దగ్గర ఆ జంతువు మీదే ఉన్న లేత బూడిద రంగును, గంగడోలు దగ్గర తెలుపును తీసుకుని అంచు వెంబడి తడిమితే పచ్చదనం పోతుంది, రంగు మాత్రం గిత్త ఆకారం దాటి ఒక్క పిక్సెల్ కూడా బయటికి పోదు. ఖాళీగా ఉన్న చోటు ఖాళీగానే ఉండాలి అన్నది ఈ తాళం ఇచ్చే ఆజ్ఞ.

అదే ఆజ్ఞ తర్వాత ఇబ్బంది అవుతుంది. తాళం అలాగే వదిలేసి ఫైల్ సేవ్ చేశారనుకోండి, వచ్చే ఏడు ఇంకొకరు తెరిచి ఎరేజర్‌తో తోకను సవరించబోతే తోక చెరగదు, తెల్లటి మరక పడుతుంది. బ్లర్ వేస్తే అంచులు బయటికి పరుచుకోవు. తెల్ల మరక చూసి ఇది బ్యాక్‌గ్రౌండ్ కాబోలు అనుకుంటారు. లక్షణం రెండింటిదీ ఒకటే, కారణాలు వేరు. పేరు పక్కన బోలు తాళం ఉందా అని చూస్తే తేలిపోతుంది. కీబోర్డు మీద స్లాష్ నొక్కితే చివరిగా వాడిన లాక్ పడుతూ పోతూ ఉంటుంది. తెలియకుండా చెయ్యి తగిలి పడిన తాళాలు కూడా తక్కువేమీ కాదు.

కొత్త వెర్షన్లలో కంట్రోల్‌తో కలిపి స్లాష్ నొక్కితే సెలెక్ట్ చేసిన లేయర్లన్నిటికీ మొత్తం లాక్ వేయొచ్చు, తీయొచ్చు. యాభై లేయర్లున్న టెంప్లేట్‌లో ఒక్కోటి క్లిక్ చేయనక్కర్లేదు, కంట్రోల్, ఆల్ట్, ఏ కలిపి నొక్కి అన్నీ సెలెక్ట్ చేయొచ్చు. అయితే ఈ షార్ట్‌కట్ బ్యాక్‌గ్రౌండ్‌ను సెలెక్ట్ చేయదు, అన్ని తాళాలూ పోయి అదొక్కటే మిగిలిందని కంగారు పడనవసరం లేదు.

గ్రూపు సంగతి ఇంకొంచెం తికమక పెడుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న టెంప్లేట్లలో ఫోల్డర్‌లా కనిపించే గ్రూపుకు తాళం వేసి ఉంటే లోపలి లేయర్లన్నీ కదలవు. లోపలి లేయర్ పక్కన తాళం మసకగా కనిపిస్తుంది, దాని మీద ఎంత క్లిక్ చేసినా ఫలితం ఉండదు. వీధి గేటుకు తాళం వేసి ఉంటే లోపల గది తలుపులు లాగి ఏం లాభం, ముందు గ్రూపుది తీయాలి.

క్లిక్ చేసినా పోని తాళం

వెబ్‌సైట్ల నుంచి దింపుకున్న పాత లోగోలు తెరిచినప్పుడు లేయర్ పేరు బ్యాక్‌గ్రౌండ్ అని కాకుండా ఇండెక్స్ అని కనిపిస్తుంది. దీని మీద డబుల్ క్లిక్ పనిచేయదు, లేయర్ మెనూలో ఆప్షన్లు మసకబారి ఉంటాయి. జిఫ్ ఫైళ్లూ, కొన్ని రకాల పీఎన్‌జీలూ ఇలా వస్తాయి. సైజు తగ్గించడం కోసం ఇవి మొత్తం బొమ్మను 256 రంగులకు మించని పట్టికలో సర్దేస్తాయి, ఒక్కో పిక్సెల్ తన రంగును కాకుండా ఆ పట్టికలో తన నంబరును మాత్రమే దాచుకుంటుంది. ఇలాంటి ఏర్పాటులో ఒక పొర మీద ఇంకో పొర పేర్చి రంగులు కలపడం సాధ్యపడదు. అందుకే ఫొటోషాప్ ఇండెక్స్‌డ్ మోడ్‌లో ఒకే లేయర్‌ను ఒప్పుకుంటుంది.

కాబట్టి ఇక్కడ తాళంతో పెనుగులాడడం దండగ. ఇమేజ్ మెనూలో మోడ్‌కు వెళ్లి ఆర్‌జీబీ కలర్ ఎంచుకుంటే బొమ్మ మామూలు స్థితికి వస్తుంది, ఆ తర్వాత ఇంకా బ్యాక్‌గ్రౌండ్ తాళం ఉంటే పైన చెప్పినట్టే తీసేయొచ్చు. నెల్లూరు చేపల పులుసు హోటల్ బోర్డుకు పాత చేప బొమ్మ ఒకటి దొరికి, అది బోర్డు డిజైన్ మీదికి రాక అరగంట కొట్టుకునే సందర్భాల్లో పరిష్కారం ఈ రెండు క్లిక్‌లే.

తాళంలా కనిపించే వేరే సంగతులు

తాళం గుర్తే లేకుండా లేయర్ మొండికేస్తే చూడాల్సినవి వేరు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఎక్కడో ఒక మూల చిన్న సెలెక్షన్ మిగిలిపోవడం. సెలెక్షన్ ఉన్నంతసేపు బ్రష్ దాని లోపలే పనిచేస్తుంది, బయట ఎంత గీసినా గీత పడదు. కంట్రోల్ డి కొడితే సరి. కన్ను గుర్తు తీసేసి దాచిన లేయర్ మీద కూడా బ్రష్ నడవదు. లేయర్ బదులు దాని పక్కనున్న మాస్క్ (లేయర్‌లో ఏ భాగం కనిపించాలో చెప్పేది) సెలెక్ట్ అయి ఉంటే ఎర్ర రంగు తీసుకున్నా ఎర్రగా పడదు, బొమ్మ మాయమవడమో తిరిగి రావడమో జరుగుతుంది.

టెక్స్ట్ లేయర్లది ఇంకో తీరు. అక్షరాల లేయర్‌కు రంగు వేయకుండా ఆపే తాళమూ, గళ్ల బొమ్మ తాళమూ పుట్టుకతోనే ఉంటాయి, వాటిని తీసే వీలే లేదు. అక్షరాలు ఇంకా టైప్ చేసి మార్చుకునే స్థితిలో ఉన్నాయి కాబట్టి వాటి మీద బ్రష్‌తో గీయనివ్వదు. రాస్టరైజ్ చేస్తే, అంటే అక్షరాలను మామూలు బొమ్మగా మారిస్తే, గీయొచ్చు కానీ ఇక మ్యాటర్ మార్చడం కుదరదు. ఆహ్వాన కమిటీ పేర్లు చివరి నిమిషంలో రెండు మూడుసార్లు మారడం ఎవరికీ కొత్త కాదు, అందుకే మ్యాటర్ ఉన్న లేయర్‌ను రాస్టరైజ్ చేసేముందు ఒక కాపీ పెట్టుకోవడం తప్పనిసరి. స్మార్ట్ ఆబ్జెక్ట్ (లోపల ఇంకో ఫైల్‌ను దాచుకున్న లేయర్) కూడా ఇదే తరహా, దాని బొమ్మ మీద డబుల్ క్లిక్ చేస్తే లోపలి ఫైల్ వేరేగా తెరుచుకుంటుంది, మార్పులు అక్కడ చేసి సేవ్ చేయాలి.

తెలుగు పనిలో మాత్రమే వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. అను ఫాంట్లతో చేసిన పాత పీఎస్‌డీని (పొరలతో సేవ్ అయ్యే ఫొటోషాప్ సొంత ఫైల్‌ను) ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఫాంట్ లేదని హెచ్చరిక వస్తుంది, మార్చబోతే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి మిగులుతుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కంటే ముందటి పద్ధతివి, లోపల దాగి ఉన్నవి ఇంగ్లిష్ కోడ్‌లే, పైన తొడిగిన ఫాంట్ వల్లే తెలుగులా కనిపిస్తాయి. లేయర్ లాక్ అయిందని దీన్ని కూడా అంటుంటారు. లాక్ కాదు, ఫాంట్ లేకపోవడం. ఫాంట్ వేసుకుంటే అక్షరాలు వస్తాయి.

గింప్‌లో, ఫొటోపీలో

ఖర్చు లేకుండా దొరికే గింప్‌లో తాళం బొమ్మ కనబడకపోయినా సమస్య అదే. జేపీజీ తెరిచి ఎరేజర్‌తో రుద్దితే ఖాళీ రాదు, రంగు వస్తుంది. గింప్ దీన్ని తాళం అనదు, ఆ లేయర్‌కు ఆల్ఫా చానెల్, అంటే ఖాళీని గుర్తుపెట్టుకునే ఏర్పాటు, లేదు అంటుంది. ఆల్ఫా లేని లేయర్ పేరును బొద్దు అక్షరాల్లో చూపిస్తుంది. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద యాడ్ ఆల్ఫా చానెల్ కొడితే చాలు. అసలు కారణాన్ని పేరు పెట్టి చెప్పడంలో గింప్ పద్ధతే మేలు, తాళం అనే మాట లేకపోవడంతో ఎవరో మూసేశారన్న అనుమానమే రాదు. పిక్సెల్స్‌కూ, స్థానానికీ, ఆల్ఫాకూ వేసుకునే లాక్‌లు అందులోనూ వేరేగా ఉన్నాయి.

పాత గింప్‌లో ఏదైనా పేస్ట్ చేస్తే అది ఫ్లోటింగ్ సెలెక్షన్‌గా గాలిలో వేలాడేది, దాన్ని కిందికి దించేదాకా మిగతా లేయర్లు మాట వినేవి కావు. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి పేస్ట్ చేసింది నేరుగా కొత్త లేయర్‌గానే వస్తుంది. బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ మాత్రం ఫొటోషాప్ బాటే పట్టింది, పీఎస్‌డీలు తెరుస్తుంది, తాళం గుర్తులూ దాదాపు అవే. ఫొటోషాప్ లేని సిస్టమ్‌లో ఎవరో పంపిన ఫైల్ ఏమిటో చూడాలంటే అదే సులువైన దారి.

అన్నీ తీసేస్తే

టెంప్లేట్ తెరవగానే తాళాలన్నీ ఊడపీకడం చాలామందికి అలవాటు. దాని ఫలితం వెంటనే కనబడదు. 10 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన చేస్తే వెడల్పు 8,640 పిక్సెళ్లు. బ్యానర్ మొత్తం స్క్రీన్‌లో పట్టేలా జూమ్ తగ్గించి పనిచేస్తున్నప్పుడు అడుగు లేయర్ 36 పిక్సెళ్లు పక్కకు జరిగితే స్క్రీన్ మీద అది నాలుగైదు చుక్కలంత, కంటికి ఆనదు. ప్రింటులో అది అర అంగుళం తెల్ల పట్టీ. మూవ్ టూల్‌కు ఆటో సెలెక్ట్ పెట్టి ఉంటే ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే మౌస్ కింద ఏ లేయర్ ఉంటే అదే పట్టుబడుతుంది. గిత్తను పట్టుకున్నాననుకుని దాని కాళ్ల మధ్య ఖాళీలో క్లిక్ చేస్తే కదిలేది వెనక పసుపు రంగు.

అందుకే బాణాల బొమ్మ తాళాన్ని అడుగు లేయర్లకు ఉంచడం మంచిది. రంగు మార్చుకోవచ్చు, జరగడం మాత్రం ఉండదు. బండలాగుడు బ్యానర్ లాంటి వాటిలో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాల పట్టిక, ఎదురుగా బహుమతుల మొత్తాలు వరసగా ఉంటాయి. ఏటా మారేది అంకెలే. గీతల లేయర్‌కు తాళం వేసి అంకెల లేయర్‌ను వదిలేస్తే ఎంత తొందరలో మార్చినా పట్టిక చెదరదు. ఒక విభాగం మొత్తం ఎదురుగా ఇంకో విభాగం అంకె పడితే పోటీ రోజు మైదానంలో గొడవే.

పొరలే లేని ఫైల్

ఇక చివరిది, కస్టమర్లకూ దుకాణాలకూ మధ్య ఎక్కువగా మాట తేడా వచ్చేది. "పోయినేడాది బ్యానరే, తేదీ మార్చి ఇవ్వండి, లాక్ తీస్తే అయిపోతుంది కదా" అని ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. అది జేపీజీ. సేవ్ చేసినప్పుడే పొరలన్నీ కలిసి ఒక్కటైపోయాయి, గిత్త వెనక ఏముందో, తేదీ కింద ఏ రంగు ఉందో ఆ ఫైల్‌కు తెలియదు. తాళం తీస్తే అది లేయర్ 0 అవుతుంది, అంతే, ఒక్క లేయరే. పీఎస్‌డీలోనే ఫ్లాటెన్ ఇమేజ్ (పొరలన్నీ కలిపేసే ఆప్షన్) కొట్టి సేవ్ చేసినా గతి అదే, పైగా అప్పుడు కన్ను తీసి దాచిన లేయర్లు కూడా పోతాయి.

పొరలున్న పీఎస్‌డీ చేతిలో ఉంటే మాత్రం అందులో మనుషులు వేసిన ఏ తాళమైనా తీయొచ్చు. ఫొటోషాప్ లేయర్ తాళానికి పాస్‌వర్డ్ పెట్టే ఏర్పాటే లేదు, అది చెయ్యి జారకుండా పెట్టుకున్న అడ్డు తప్ప ఇతరులను ఆపే రక్షణ కాదు. డిజైన్ ఎవరూ వాడకూడదనుకునే దుకాణాలు అందుకే తాళాన్ని నమ్ముకోవు, పీఎస్‌డీ ఇవ్వకుండా జేపీజీ మాత్రమే ఇస్తాయి.

కాబట్టి ఏటా జరిగే పోటీలకూ తిరునాళ్లకూ ఫ్లెక్సీ వేయించే కమిటీలు మొదటిసారి బేరం కుదుర్చుకునేటప్పుడే పీఎస్‌డీ కూడా ఇస్తారా, దానికి విడిగా ఎంత అని అడిగి, ఇస్తామంటే పెన్‌డ్రైవ్‌లో గానీ వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా గానీ తీసుకోవాలి, ఏ ఫాంట్లు వాడారో రాయించుకోవాలి. అది లేకపోతే తర్వాతి ఏడు గిత్తల కటింగ్ మళ్లీ మొదటినుంచీ, పట్టిక మళ్లీ మొదటినుంచీ, మ్యాటర్ టైపింగ్ మళ్లీ మొదటినుంచీ, డిజైన్ డబ్బులూ మళ్లీ మొదటినుంచీ.